నాయినకు డీబీఎస్ చేయించాలా? ఒకపక్క వణుకు, ఇంకోపక్క మతిమరుపు

మర్రిగూడ_బిడ్డ | ఆదివారం రాత్రి 10:20

అందరికీ నమస్తే. మాది నల్లగొండ జిల్లా, మర్రిగూడ మండలం. మా నాయినకు 67 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా ఆర్టీసీ కండక్టర్‌గా చేశాడు. పార్కిన్సన్స్, అదే వణుకుడు జబ్బు, అని తెలిసి ఆరేళ్లయింది. దానికి ముందు మూడేళ్లు నడుము వంగుతుంటే, ఒళ్లు బిగుసుకుంటుంటే ఫ్లోరిన్ నీళ్ల నొప్పులే అనుకున్నాం. మా దిక్కు వంగిన నడుము కనిపిస్తే ఎవరికైనా మొదట అదే తడుతుంది. కుడిచెయ్యి వణకడం మొదలయ్యాకే హైదరాబాద్ తీసుకెళ్లాం.

ఇప్పుడు ఆ జబ్బుకిచ్చే సిండోపా మాత్ర వేసిన ముప్పావు గంటకు లేస్తాడు. రెండు గంటలు బాగుంటాడు, తర్వాత కట్టెలా బిగుస్తాడు. రోజుకు ఆరుసార్లు ఇదే వరస. బాగున్న ఆ రెండు గంటల్లో కూడా మెడ, భుజం వాటంతట అవే ఊగుతుంటాయి. డాక్టర్లు డీబీఎస్ గురించి ఆలోచించుకోమన్నారు. మెదడులోకి సన్నని తీగలు దింపి, ఛాతీలో బ్యాటరీ పెట్టి కరెంటు ఇచ్చే ఆపరేషన్.

నా భయం చెయ్యి గురించి కాదు. మొన్న కిరాణా కొట్టులో 68 రూపాయల సామాన్లకు నాయిన వంద నోటు ఇచ్చాడు. కొట్టాయన మూడు పది నోట్లు, ఒక రెండు రూపాయల బిళ్ల చేతిలో పెట్టాడు. నాయిన వాటిని బొటనవేలితో ఒక్కొక్కటే జరిపి చూశాడు. మళ్లీ మొదటికి వచ్చాడు. మళ్లీ జరిపాడు. చివరికి నా వైపు తిరిగి "సరిపోయిందా బిడ్డా?" అన్నాడు. దేవరకొండ బస్సులో కనగల్ నుంచి కొండమల్లేపల్లి దాకా నిలబడ్డ జనంలో ఎవరికెంత చిల్లర బాకీ ఉందో కాగితం ముట్టకుండా గుర్తుపెట్టుకున్న మనిషి ఆయన. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పొద్దుగూకిందంటే గోడ పక్కన పిల్లి కూర్చుందంటాడు. మా ఇంట్లో పిల్లి లేదు.

బాబాయి ఏమంటాడంటే, మెదడుకు కరెంటు పెడితే మొత్తం చురుకైతది, మతిమరుపు కూడా పోతదని. నిజమేనా? లేక ఉన్న జ్ఞాపకం కూడా పోతుందా? చేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

పడుగుపేక | సోమవారం ఉదయం 6:15

చెల్లీ, మాది పుట్టపాక. మా ఆయన నేత పని చేస్తాడు, 61 ఏళ్లు. డీబీఎస్ చేయించి మూడేళ్లయింది. మంచీ చెడూ రెండూ చెప్తా, ఎందుకంటే మాకు అప్పుడు మంచి ఒక్కటే చెప్పారు.

మంచి ముందు చెప్తా. ఆపరేషన్ టేబుల్ మీద మెలకువగానే ఉంచారు. చెయ్యి ఆడించమంటే మగ్గం మీద నాడె విసిరినట్టు ఊపాడట. తీగ సరైన చోట తగిలిందేమో, వణుకు అక్కడికక్కడే ఆగింది, "డాక్టర్లకంటే ముందు నాకే తెలిసింది" అని ఇప్పటికీ చెప్తాడు. బ్యాటరీ సెట్టింగులు కుదరడానికి నాలుగైదు నెలలు పట్టింది. ఆ తర్వాత సిండోపా సగానికి తగ్గింది. తన అన్నం తనే కలుపుకుని తింటాడు, చొక్కా గుండీలు తనే పెట్టుకుంటాడు. రెండేళ్లు మూలకున్న మగ్గం మళ్లీ ఆడింది.

ఇప్పుడు రెండోది. మేము నేసేది చిటికి పని, పడుగూ పేకా రెండింటికీ రంగులద్దేది. నేయడానికి ముందు గ్రాఫు కాగితం చూసుకుంటూ, నూలును లెక్క ప్రకారం సైకిల్ ట్యూబు ముక్కలతో ముడులు కట్టాలి. ఒక్క వరస తప్పితే పడుగులో ఉన్న పువ్వూ పేకలో ఉన్న పువ్వూ కలవవు. ఆపరేషన్ తర్వాత ఆయన చెయ్యి తిన్నగా ఉంది, ముడి గట్టిగా పడుతుంది. కానీ ఏ వరసలో ఉన్నాడో మర్చిపోతున్నాడు. కట్టిన చోటే మళ్లీ కడుతున్నాడు. ఒకరోజు పొద్దంతా కట్టిన ముడులు సాయంత్రం కూర్చుని ఇద్దరం విప్పాం. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు.

మాట కూడా తగ్గింది. ఆపరేషన్‌కు ముందు పరీక్షలో 'ప'తో మొదలయ్యే మాటలు నిమిషంలో ఎన్ని చెప్తావంటే పదమూడు చెప్పాడు. పడుగు, పేక, పట్టు, పన్నె, పుట్టపాక, గబగబా. ఏడాది తర్వాత అదే పరీక్షలో ఏడు. "మాట నాలుక మీదికొచ్చి ఆగుతుందే" అంటాడు.

దీన్ని ఆపరేషన్ చేసిందని ఒక్కమాటలో అనలేను. జబ్బు కూడా మూడేళ్లు ముదిరింది కదా. కానీ ఇట్లా కావచ్చని ముందే చెప్పి ఉంటే మేం తయారుగా ఉండేవాళ్లం. ఇప్పుడు మా చిన్నోడు గ్రాఫు మీద ప్రతి వరసకూ పెన్సిల్‌తో టిక్కు కొడతాడు, నేను పక్కన కూర్చుని వరస నంబరు పైకి చదువుతా. అట్లా నేస్తున్నాం.

మళ్లీ చేయించేదానివా అని అడిగితే చేయిస్తా అనే అంటా. కానీ మతి సంగతి ముందు తేల్చుకుని చేయిస్తా.

పాలమూరు_న్యూరో | సోమవారం రాత్రి 9:48

అక్కా, మీరు రాసింది మా పాఠాల్లో ఉన్నదానికంటే స్పష్టంగా ఉంది. నేను న్యూరాలజీలో ట్రైనింగ్‌లో ఉన్నాను, మాది మహబూబ్‌నగర్. పేషెంట్‌ను చూడకుండా ఫలానా మందు వాడండి, మానండి అని ఇక్కడ చెప్పను. విషయం మాత్రం చెప్తాను.

మర్రిగూడ చెల్లెలి బాబాయి గారు అనుకున్నట్టు ఇది మెదడు మొత్తానికి పెట్టే కరెంటు కాదు. ఎక్కువ మందికి తీగ దించే చోటు పేరు సబ్‌థలామిక్ న్యూక్లియస్, క్లుప్తంగా ఎస్‌టీఎన్. సైజు సంక్రాంతికి మనం వండుకునే అనపగింజంత. తలకు రెండు వైపులా ఒక్కొక్కటి ఉంటుంది. పార్కిన్సన్స్‌లో కదలికకు పనికొచ్చే డోపమిన్ అనే రసాయనం తగ్గేసరికి ఈ గింజ అదుపు తప్పి అతిగా పనిచేసి కదలికను తొక్కిపెడుతుంది. సెకనుకు సుమారు 130 సార్లు చిన్న కరెంటు ఇస్తే ఆ గోల సద్దుమణుగుతుంది. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే సర్జన్ 1987లో వణుకు కోసం ఈ పద్ధతి మొదలుపెట్టారు, అప్పుడు తీగ పెట్టింది మెదడు లోపల థలామస్ అనే ఇంకో చోట. ఎస్‌టీఎన్‌కు వచ్చింది 1990లలో. అమెరికాలో 1997లో వణుకుకు, 2002లో పార్కిన్సన్స్ మిగతా లక్షణాలకు అనుమతి వచ్చింది. మన హైదరాబాద్‌లో నిమ్స్‌లోనూ ఏళ్లుగా చేస్తున్నారు.

అయితే అంత చిన్న గింజలోనూ మూడు భాగాలున్నాయి. ఒకటి కదలికకు, ఒకటి ఆలోచనకు, ఒకటి మనసుకు. కరెంటు మొదటి భాగంలోనే ఉంటే సంతోషం. పక్కకు పారితే మాట తడబడుతుంది, ఆలోచన మందగిస్తుంది, కొందరిలో కోపమో దిగులో వస్తుంది. అందుకే సెట్టింగులు మార్చితే కొన్ని ఇబ్బందులు తగ్గుతాయి. అక్క చెప్పిన మాటలు తగ్గడం మాత్రం వేరు. డీబీఎస్ తర్వాత ఆలోచనా శక్తిలో అన్నిటికంటే ఎక్కువసార్లు కనబడే మార్పు అదే. తీగ పెట్టి ఇంకా కరెంటు ఇవ్వనివాళ్లలో కూడా అది కనిపించింది. అంటే తీగ మెదడు ముందు భాగం గుండా లోపలికి దిగడమే కొంత కారణమని అనుకుంటున్నారు.

జీపీఐ అని ఇంకో చోటు ఉంది. అక్కడ పెడితే మందులు అంతగా తగ్గవు, కానీ ఒళ్లు ఊగడం బాగా తగ్గుతుంది. మాట, ఆలోచన విషయంలో అది కొంచెం మెత్తగా ఉంటుందని చాలామంది అభిప్రాయం. మీ నాయినకు ఊగడమూ ఉంది, మతిమరుపూ ఉంది కాబట్టి ఈ మాట మీ టీమ్‌ను తప్పకుండా అడగండి.

ఇక అసలు ప్రశ్న. డీబీఎస్ మతిమరుపును తగ్గించదు. జబ్బు ముదరడాన్ని కూడా ఆపదు. మామూలుగా సిండోపాకు లొంగే లక్షణాలే దానికీ లొంగుతాయి, వణుకు ఒక్కటే మినహాయింపు, సిండోపాకు లొంగని వణుకు కూడా దీనికి తగ్గొచ్చు. మతిమరుపు బాగా ముదిరిన వాళ్లకు ఈ ఆపరేషన్ సాధారణంగా చేయరు. చేస్తే ఉన్న కొద్ది ఆధారం కూడా కదిలిపోయి, చెయ్యి బాగుపడినా మనిషి అయోమయంలో పడతాడు. అందుకే ముందుగా రెండు మూడు గంటల పాటు జ్ఞాపకం, లెక్క, మాట, బొమ్మలు గీయడం అన్నీ పరీక్షిస్తారు. తెలుగులో చేసే పరీక్షలున్నాయి, చదువు తక్కువైన వాళ్లకు వేరేగా ఉన్నాయి. ఇంగ్లిష్‌లో చేసి మార్కులు తక్కువ వచ్చాయంటే ఒప్పుకోకండి.

చెల్లీ, ఒక పని చెయ్యండి. నాయిన వేసుకునే మాత్రలన్నీ, చిన్నది పెద్దది అనకుండా, ఇక్కడ రాయండి. నిద్రకు, మూత్రానికి, దగ్గుకు వేసేవి కూడా.

మర్రిగూడ_బిడ్డ | సోమవారం రాత్రి 11:05

డాక్టర్ గారూ, అమ్మ డబ్బా ముందు పెట్టుకుని రాస్తున్నా. సిండోపా 110, ఆరుసార్లు. పార్కిన్సన్స్‌కే ఇచ్చే ప్రమిపెక్సోల్ మూడుసార్లు. ట్రైహెక్సిఫెనిడిల్ 2 ఎంజీ మూడు పూటలా, నాలుగేళ్లుగా. మూత్రం ఆగట్లేదని ఊరి దగ్గర రాసిచ్చిన ఆక్సీబ్యుటినిన్. నిద్రకు క్లోనజెపామ్. మలబద్ధకానికి పొడి.

పాలమూరు_న్యూరో | మంగళవారం ఉదయం 7:02

ఆపరేషన్ సంగతి తర్వాత. ఈ లిస్టు పట్టుకుని వచ్చే వారం కాదు, ఈ వారమే మీ న్యూరాలజిస్టు దగ్గరికి పోండి.

ట్రైహెక్సిఫెనిడిల్ వణుకుకు పాత మందు. వయసులో ఉన్నవాళ్లకు పనికొస్తుంది. పెద్దవాళ్లలో మాత్రం అది నేరుగా జ్ఞాపకశక్తి మీద పడుతుంది. మెదడులో జ్ఞాపకానికి, ధ్యాసకు పనికొచ్చే అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని అడ్డుకోవడమే దాని పని. పార్కిన్సన్స్‌లో ఆ రసాయనం ముందే తగ్గి ఉంటుంది. ఆక్సీబ్యుటినిన్ కూడా అదే జాతి. రెండూ కలిస్తే ఉన్నది కూడా ఎండిపోయినట్టే. మలబద్ధకానికి కూడా ఇవే కారణం కావచ్చు. లేనివి కనిపించడానికి ఇవి తోడవుతాయి, ప్రమిపెక్సోల్ కూడా తోడవుతుంది. నిద్రమాత్రతో పగటి మబ్బు.

మీరే ఆపేయకండి. ట్రైహెక్సిఫెనిడిల్‌ను ఒక్కసారిగా ఆపితే మనిషి విలవిల్లాడతాడు, వారాల పాటు కొద్దికొద్దిగా తగ్గించాలి. సిండోపా అయితే డాక్టరు చెప్పకుండా ఎట్టి పరిస్థితుల్లోనూ ఆపొద్దు. బీ12, థైరాయిడ్ రక్తపరీక్షలు, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో కూడా చూడమనండి. దిగులుగా ఉంటున్నాడా అన్నది కూడా చెప్పండి, పెద్దవాళ్లలో దిగులు మతిమరుపులా కనిపిస్తుంది.

ఇంకొక్కటి గోడ మీద రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా వాంతులై ఊళ్లో ఇంజెక్షన్ వేస్తామంటే, పార్కిన్సన్స్ పేషెంట్ అని ముందే చెప్పండి. మెటోక్లోప్రమైడ్ వీళ్లకు పడదు. లేనివి చూస్తున్నాడని, గొడవ చేస్తున్నాడని హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ లాంటివి ఇస్తే మనిషి కదలకుండా అయిపోతాడు. ఆ అవసరమే వస్తే క్వెటియాపిన్, క్లోజపిన్ లాంటివి ఉన్నాయి, అవి న్యూరాలజిస్టు చూసి ఇస్తారు.

మన్యంకొండ_మాస్టారు | మంగళవారం సాయంత్రం 5:30

అమ్మా మర్రిగూడ బిడ్డా, నేను తెలుగు పండితుడిగా రిటైర్ అయ్యాను. తొమ్మిదేళ్లుగా నాకే ఈ జబ్బు. ఇది నా మనవరాలికి చెప్పి టైపు చేయిస్తున్నాను. నా అక్షరాలు ఆవగింజలైపోయాయి.

నాయిన చిల్లర చూస్తూ నిలబడ్డ సంగతి చదివి నేను చాలాసేపు కదల్లేదు. లోపల ఎలా ఉంటుందో మీకు చెప్పాలనిపించింది. ఆయనకు లెక్క రాక నిలబడలేదమ్మా. జవాబు ఎక్కడో ఉంది, వస్తోంది కూడా. కానీ నడిచి వస్తోంది. అది చేరేలోపు కొట్టాయన ఇంకో మాట అంటాడు, వెనక నుంచి స్కూటర్ హారన్ కొడుతుంది, అంతే, వచ్చేది ఆగిపోతుంది. మళ్లీ మొదటి నుంచి బయలుదేరాలి. నేను క్లాసులో నలభై మంది పేర్లు హాజరుపట్టీ చూడకుండా పిలిచినవాణ్ని. ఇప్పుడు నడుస్తుంటే ఎవరైనా "మాస్టారూ, టిఫినైందా?" అంటే కాళ్లు ఆగిపోతాయి. నడకా జవాబూ రెండూ ఒకేసారి సాగవు.

కాబట్టి ఇంట్లో అందరికీ చెప్పండి. ఒక్క ప్రశ్న అడగండి. అడిగాక మనసులో పది దాకా లెక్కపెట్టండి. ఆ పదిలోపు రెండో ప్రశ్న వెయ్యకండి, జవాబు మీరు అందించకండి. నా భార్య ఇది నేర్చుకోవడానికి ఆర్నెల్లు పట్టింది. ఆమె నేర్చుకున్నాక నేను మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాను. చిన్నప్పుడు నేర్చిన శతక పద్యాలు అలాగే ఉన్నాయి, ఒక పాదం అందిస్తే మిగతా మూడూ వాటంతట అవే వస్తాయి. పోయేది నిన్నటిది, పోయేది వరస. పాతది చాలాకాలం ఉంటుంది.

రెండేళ్ల క్రితం నేనూ డీబీఎస్ అడిగాను. పరీక్షలన్నీ చేసి, మీ ఆలోచనా శక్తికి ఇది మంచిది కాదని చెప్పారు. వారం రోజులు అన్నం సయించలేదు. డబ్బు సిద్ధం చేసుకున్నాను, మనసు సిద్ధం చేసుకున్నాను. కానీ ఆ డాక్టరమ్మ నాతో గంటసేపు కూర్చుని కారణం చెప్పింది. కాదని చెప్పడానికి గంట కేటాయించిన డాక్టరును నేను మర్చిపోను.

మిర్యాలగూడ_తమ్ముడు | బుధవారం మధ్యాహ్నం 1:15

అన్నా, నాదొక డౌట్. ఆపరేషన్ లేకుండా తలకు మిషన్ పెట్టి, అయస్కాంతంతో జ్ఞాపకశక్తి తెప్పిస్తామని పాంప్లెట్లు వస్తున్నాయి. ఇరవై సిట్టింగుల ప్యాకేజీ అంటున్నారు. మా అవ్వకు పార్కిన్సన్స్, మతిమరుపు రెండూ ఉన్నాయి. అది డీబీఎస్ కంటే సేఫ్ కదా?

పాలమూరు_న్యూరో | బుధవారం రాత్రి 10:30

తమ్ముడూ, అది టీఎంఎస్. తల బయట కాయిల్ పెట్టి అయస్కాంత తరంగాలతో మెదడు పైపొరను ప్రేరేపిస్తారు. సేఫ్ విషయంలో నువ్వన్నది చాలావరకు నిజమే, ఫిట్స్ ఉన్నవాళ్లకు, తలలో లోహం ఉన్నవాళ్లకు జాగ్రత్త. డిప్రెషన్‌కు అమెరికాలో 2008లోనే అనుమతి వచ్చింది, అక్కడ దాని ఉపయోగం రుజువైంది. పార్కిన్సన్స్ మతిమరుపు విషయంలో అలా కాదు. చిన్న చిన్న అధ్యయనాలు చాలా జరిగాయి. కొన్నింటిలో ధ్యాస, ప్లానింగ్ కొంచెం మెరుగైంది, కొన్నింటిలో తేడా లేదు. వచ్చిన మెరుగు కూడా ఎన్నాళ్లు నిలుస్తుందో తేలలేదు. టీడీసీఎస్ అని ఇంకోటి ఉంది, ఒకటి రెండు మిల్లీ ఆంపియర్ల కరెంటు ఇరవై నిమిషాల పాటు నెత్తి మీద ప్యాడ్లతో ఇచ్చేది. దాని పరిస్థితీ అంతే. పరిశోధనలో భాగంగా ఉచితంగా ఇస్తే, అన్నీ వివరించి సంతకం తీసుకుంటే వెళ్లొచ్చు. జ్ఞాపకం తిరిగొస్తుందని మాట ఇచ్చి ప్యాకేజీ అమ్మితే నమ్మకు. యూట్యూబ్ చూసి తొమ్మిది వోల్టుల బ్యాటరీతో ఇంట్లో తయారుచేసే పని అసలే వద్దు.

జ్ఞాపకం కోసమే లోపల తీగ పెట్టి చూసినవాళ్లూ ఉన్నారు. అసిటైల్‌కోలిన్ తయారయ్యే చోటు ఒకటి మెదడు అడుగున ఉంది, పేరు మైనెర్ట్ న్యూక్లియస్. లండన్‌లో పార్కిన్సన్స్ డిమెన్షియా, అంటే ఆ జబ్బుతో ముదిరిన మతిమరుపు, ఉన్న ఆరుగురికి అక్కడ తీగలు పెట్టి చూశారు, ఫలితాలు 2018లో వచ్చాయి. ప్రమాదం లేకుండా చేయగలిగారు గానీ జ్ఞాపకం, ఆలోచన నిలకడగా మెరుగుపడలేదు. కొందరికి లేనివి కనిపించడం కొంత తగ్గింది. నాకు ఆశ ఉంది, ఆ దారి మూసుకుపోలేదు. కానీ ఈ రోజు మీ అవ్వను తీసుకెళ్లి చేయించేది అది కాదు.

ఈ రోజు ఉన్నది రివాస్టిగ్మిన్. పార్కిన్సన్స్ డిమెన్షియాకు అమెరికాలో 2006లో అనుమతి వచ్చింది. మాత్ర ఉంది, చర్మానికి అంటించే ప్యాచ్ ఉంది. మెరుగు కొంతే ఉంటుంది, కానీ నిజంగా ఉంటుంది. మాత్రతో కొందరికి వాంతి వచ్చినట్టుంటుంది, వణుకు కొంచెం పెరగొచ్చు. ప్యాకేజీ డబ్బులు పెట్టే ముందు దీని గురించి అడుగు.

గద్వాల_రైతు | గురువారం ఉదయం 8:40

మా పొలం గట్టు మీద దూలగొండి విపరీతంగా ఉంది. దాని గింజల్లోనే ఈ జబ్బు మందు ఉందంటరు. పొడి చేసి పాలల్లో ఇస్తే మతి కూడా బాగైతదా?

పాలమూరు_న్యూరో | గురువారం రాత్రి 9:15

అన్నా, మొదటి మాట నిజం. దూలగొండి గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో పనిచేసిన మన శాస్త్రవేత్తలు వేరుచేసి చూపించారు. సిండోపాలో ఉన్నదీ అదే. సమస్య ఎక్కడంటే, ఒక చెంచా పొడిలో ఎంత మందు ఉందో గింజను బట్టి మారుతుంది. సిండోపా వేసుకుంటూ పైన ఇది కూడా వేస్తే డోసు ఎక్కువై, ఒళ్లు ఊగడం, లేనివి కనిపించడం పెరుగుతాయి. మతికి దానివల్ల ఒరిగేది లేదు, కలతే పెరగొచ్చు. ఇప్పటికే ఎవరైనా వాడుతుంటే డాక్టరు దగ్గర దాచొద్దు. తిడతారని దాచేవాళ్లే ఎక్కువ.

జడ్చర్ల_ఫిజియో | శుక్రవారం మధ్యాహ్నం 3:00

ఇక్కడ ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. డీబీఎస్ చేయించుకున్నవాళ్లు మోకాళ్ల నొప్పులనో, భుజం నొప్పనో ఫిజియోథెరపీకి వస్తారు. వాళ్లకు షార్ట్‌వేవ్ డయాథెర్మీ, అంటే నొప్పికి ఒంటి లోపల వేడి పుట్టించే మిషన్, అస్సలు పెట్టకూడదు. ఆ వేడి తీగ వెంట మెదడుకు చేరి ప్రాణం మీదికి వస్తుంది. మోకాలికి పెట్టినా సరే. చిన్న ఊళ్లలో క్లినిక్‌కు వెళ్లినప్పుడు చొక్కా గుండీ విప్పి ఛాతీ మీద బ్యాటరీ చూపించండి, కార్డు చూపించండి. నా దగ్గరికి ఒక పెద్దాయన వచ్చి నొప్పి చెప్పాడు గానీ బ్యాటరీ సంగతి చెప్పడం మర్చిపోయాడు. భుజం తడిమితే చేతికి తగిలింది. ఆ రోజు నుంచి ప్రతి పెద్దమనిషి కాలర్ ఎముక కింద చూడనిదే మిషన్ ఆన్ చెయ్యను.

మాస్టారు గారూ, మీ కాళ్లు అతుక్కుపోయినప్పుడు వాకిట్లో అడ్డగీతలు పనిచేస్తాయి. అడుగు దూరానికొక గీత. ముగ్గుపిండితో వేయించండి, గీత దాటాలని చూస్తే కాలు లేస్తుంది. నడిచేటప్పుడు మాట్లాడకండి, ఆగి జవాబు చెప్పి మళ్లీ నడవండి. రోజూ అరగంట చెమట పట్టేలా నడవడం మెదడుకూ మంచిదే.

మర్రిగూడ_బిడ్డ | శుక్రవారం రాత్రి 9:50

పడుగుపేక అక్కా, ఖర్చు సంగతి కూడా చెప్పవా? పొలం అమ్మాలా అని అన్నయ్య అడుగుతున్నాడు.

పడుగుపేక | శనివారం ఉదయం 6:05

మాకు పది లక్షలు దాటింది చెల్లీ. అందులో ఎక్కువ భాగం మిషన్‌కే. అడిగేటప్పుడు బ్యాటరీ ఏ రకమో అడగండి. చార్జింగ్ లేనిది మూడు నుంచి ఐదేళ్లలో అయిపోతుంది, మళ్లీ చిన్న ఆపరేషన్, మళ్లీ ఖర్చు. చార్జింగ్‌ది పదిహేనేళ్ల దాకా వస్తుందంటారు గానీ ముందు ధర ఎక్కువ, పైగా క్రమం తప్పకుండా చార్జింగ్ పెట్టడం ఎవరో ఒకరు గుర్తుంచుకోవాలి. మతిమరుపు ఉన్న మనిషికి ఆ పని ఇంట్లో వాళ్లదే. సెట్టింగులకు మొదటి ఏడాది ఎన్నిసార్లు హైదరాబాద్ తిరిగామో లెక్కలేదు, ఆ చార్జీలూ, పోయిన కూలీ దినాలూ కలుపుకోండి. సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్‌ఓసీకి, అంటే ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రానికి, దరఖాస్తు పెట్టుకునే దారి కూడా చూడండి. పొలం మాట మాత్రం పరీక్షలన్నీ అయ్యాకే.

మర్రిగూడ_బిడ్డ | ఏడు వారాల తర్వాత, ఆదివారం రాత్రి 8:30

అందరికీ చెప్పాల్సింది చాలా ఉంది. డాక్టర్ గారు చెప్పినట్టే ఆ వారమే వెళ్లాం. మా న్యూరాలజిస్టు లిస్టు చూసి, మూత్రం మాత్ర, నిద్రమాత్ర వేరేచోట రాసినవని తనకు తెలియదన్నారు. మేమే చెప్పలేదు. ట్రైహెక్సిఫెనిడిల్ ఐదు వారాల్లో మెల్లగా తీసేశారు. ఆక్సీబ్యుటినిన్ మార్చారు. ప్రమిపెక్సోల్ తగ్గించారు. బీ12 చాలా తక్కువుందని ఇంజెక్షన్లు ఇచ్చారు.

మొదటి రెండు వారాలు వణుకు పెరిగింది. టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు. అమ్మ ఏడ్చి, పాత మాత్రే వెయ్యమంది. నేను గట్టిగా నిలబడ్డాను గానీ లోపల నాకూ భయమే. నాలుగో వారంలో ఒక పొద్దున నాయిన తనంతట తనే "ఇయ్యాల ఏకాదశి కదా" అన్నాడు. క్యాలెండర్ చూశాను. ఏకాదశే.

తెలుగులో పరీక్ష చేశారు. మొదటిసారి 30కి 18 వచ్చింది, మొన్న 22. మామూలు కంటే ఇంకా తక్కువే. పిల్లి రావడం తగ్గింది, పూర్తిగా మానలేదు. డీబీఎస్ టీమ్ వాళ్లు కాదనలేదు, అవుననలేదు. నాలుగు నెలల తర్వాత మళ్లీ జ్ఞాపకం పరీక్ష చేసి చూస్తామన్నారు. చేస్తే జీపీఐలోనే అని కూడా చెప్పారు. నాయినను నేరుగా అడిగారు, మీకేం కావాలని. ఆయనకు టైం పట్టింది. మాస్టారు గారూ, నేను మనసులో పది లెక్కపెట్టాను. తొమ్మిది దగ్గర అన్నాడు, "చెయ్యి వణికితే వణకనియ్యి సారూ, లెక్క తప్పితే నేను బతకలేను" అని.

తిరుగుప్రయాణంలో బస్సు కండక్టర్ కుర్రవాడు నాయినకు టికెట్ ఇచ్చి ముందుకు పోతున్నాడు. నాయిన చెయ్యి వణుకుతూనే అతని చొక్కా పట్టుకుని ఆపాడు. "మా బిడ్డకు జీరో టికెట్ కొట్టలేదు నువ్వు. చెకింగ్ వస్తే ఇబ్బంది నీకే." నేను ఆధార్ కార్డు తీసేదాకా అట్లాగే పట్టుకుని ఉన్నాడు.

ఒక్కటి అడగాలి. వచ్చే నెల రాత్రి నుంచి సిండోపా ఆపి పొద్దున పరీక్ష చేస్తారట, ఆ తర్వాత మాత్ర ఇచ్చి ఎంత మెరుగైందో చూస్తారట. మందు లేకుండా మర్రిగూడ నుంచి పొద్దున్నే ఎట్లా తీసుకురావాలి?

పడుగుపేక | ఆదివారం రాత్రి 9:10

ఆ పొద్దున బయల్దేరొద్దు చెల్లీ, మేం అదే తప్పు చేశాం. పన్నెండు గంటలు మందు లేకపోతే మనిషి బస్సు మెట్టెక్కలేడు. ముందు రోజు మాత్ర పనిచేస్తున్నప్పుడే బయల్దేరి ఆసుపత్రి దగ్గర్లో దిగండి. రాత్రి చివరి మాత్ర ఎన్నింటికి వేశారో కాగితం మీద రాసిపెట్టుకోండి, అడుగుతారు. రాత్రి మంచం మీద పక్క తిరగడానికి కూడా మనిషి కావాలి, నువ్వొక్కదానివే వెళ్లకు, మీ అన్నను తీసుకుపో. పొద్దున వేసే సిండోపా నీ చేతి సంచిలోనే పెట్టుకో. పరీక్ష కాగానే తినడానికి ఇడ్లీ కట్టుకుపో, పప్పు, గుడ్డు లాంటివి అప్పుడే పెట్టకు, మాత్ర సరిగ్గా ఎక్కదు.

పాలమూరు_న్యూరో | ఆదివారం రాత్రి 9:40

అక్క చెప్పిందంతా కరెక్టే. కనీసం 30 శాతం మెరుగు ఉందా అని చూస్తారు. ప్రమిపెక్సోల్ సిండోపా కంటే ముందే ఆపాల్సి రావచ్చు, ఎప్పటి నుంచో వాళ్లనే అడిగి రాయించుకోండి. బీపీ, షుగర్ మాత్రలు ఆ పొద్దున వెయ్యాలా వద్దా అన్నది కూడా అదే కాగితం మీద రాయించండి.